‘అడుసు తొక్కనేల’లో నేల లేదు

నమస్కారం. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల." ఈ సామెతను చాలామంది "తొక్క... నేల" అని విడగొట్టి పలుకుతారు. ఇందులో నేల లేదండీ. తొక్కన్, ఏల కలిసి తొక్కనేల. ఏల అంటే ఎందుకు. బురద తొక్కడం ఎందుకు, ఆనక కాలు కడుక్కోవడం ఎందుకు అని అడుగుతోంది సామెత. "తొక్కనేల" అంతా ఒక్క ఊపులో రావాలి, చివర ప్రశ్న వినపడాలి.

సామెత తప్పేది ఎక్కువగా ఇలాంటి ఒక్క మాట దగ్గరే. "ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు" ఉంది కదా, దీన్ని మంగళం అనేవాళ్లున్నారు, మంగలి అనేవాళ్లూ ఉన్నారు. రెండోది మరీ అన్యాయం, ఏ సంబంధమూ లేని కులాన్ని సామెతలోకి లాగడం. సరైన మాట మంగలం, మామూలు ‘ల’తో. గింజలు, పేలాలు వేయించుకునే కుండపెంకు. ఉరిమింది ఎక్కడో, పిడుగు పడింది పెంకు మీద. ఆఫీసులో ఎవరో తిట్టారని ఇంటికొచ్చి పిల్లాడి మీద అరిస్తే ఆ పిల్లాడే మంగలం. తప్పు చేసినవాణ్ణే తిట్టిన చోట ఈ సామెత అతకదు.

"గోరుచుట్టు మీద రోకటిపోటు" చూడండి. గోరుచుట్టు అంటే గోరు పక్కన చీముపట్టి వాచే పుండు. తాకితేనే ప్రాణం జిల్లుమంటుంది, సరిగ్గా అక్కడే రోకలి పడింది. కాబట్టి ఏ రెండు కష్టాలొచ్చినా దీన్ని వాడేయకూడదు. ఉద్యోగం పోయిన నెలలోనే ఇంటద్దె పెరిగితే సరిపోతుంది, రెండు దెబ్బలూ డబ్బు మీదే. ఉద్యోగం పోయింది, కాలు బెణికింది అంటే అతకదు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది" వేరు. కొండనాలుక గొంతు దగ్గర వేలాడే చిన్న కండ. ఇక్కడ నష్టం మందు వల్లే రావాలి. ఫోను నెమ్మదించిందని రిపేరుకిస్తే ఫొటోలన్నీ పోయాయనుకోండి, అప్పుడు ఇది.

"ఇంట గెలిచి రచ్చ గెలువు"లో రచ్చ ఇప్పటి గొడవ కాదు, నలుగురూ కూడే చోటు. రచ్చబండలో ఉన్నది ఆ రచ్చే.

ఇక వాక్యంలో కలపడం. ‘అట్టు’తో ముగిసే సామెతకు మళ్లీ "అన్నట్టు" తగిలించొద్దు, నత్తిగా ఉంటుంది. "మంగలం మీద పడ్డట్టు నన్నంటావేంట్రా?" అని నేరుగా వాడేయాలి. "మొక్కై వంగనిది మానై వంగునా" లాంటి ప్రశ్నలకైతే "అని ఊరికే అన్నారా" చక్కగా పడుతుంది. వంగునాను వంగుతుందా అని మారిస్తే అర్థం పోదు గానీ తూకం పోతుంది. ఒక్క జాగ్రత్త: మాను అంటే ముదిరిన చెట్టు. మామగారి ముఖాన ఈ సామెత అంటే అది తిట్టే.

సామెతలో మాట తెలియకపోతే ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటువులు వెతకండి. మంగలం అని కాకుండా మంగలము అని కొట్టండి, పాత నిఘంటువుల్లో ఇలాంటి మాటలు ‘ము’తోనే ఉంటాయి.