మునుగోడులో మన గుర్తు ఏదీ?

సభకు నమస్కారం. వేదిక మీద రెండు కమ్యూనిస్టు పార్టీల నాయకులూ ఉన్నారు. మంచిదే. ఈ మాటలు వాళ్ల ముందు అంటే విమర్శ, చాటున అంటే చాడీ. నేను ఏ పార్టీలోనూ సభ్యుణ్ని కాను. ఎర్రజెండాకి ఓటేసే ఇంట్లో పుట్టిన మామూలు ఓటరుని.

ఎన్నికల్లో డబ్బు అనగానే మన సభల్లో ఒకటే మాట వినబడుతుంది: జనం అమ్ముడుపోయారు, ఇంక మనకెవరు వేస్తారు? నాకీ మాట నచ్చదు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో, పక్కింటికి కవరొచ్చింది మాకెందుకు రాలేదని జనం రోడ్డెక్కితే టీవీలన్నీ వాళ్లనే చూపించి ఎగతాళి చేశాయి. కవర్లు పంచినవాళ్ల ముఖం ఒక్కటీ కనబడలేదు.

అసలు డబ్బు పని పోలింగ్ ముందు రాత్రి మొదలవదు. టిక్కెట్ దగ్గరే సగం పని అయిపోతుంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. లక్ష మంది ఓటర్లకు రెండేసి వేలు పంచితే 20 కోట్లు, అంటే పరిమితికి 50 రెట్లు. అంత సొమ్ము తీయలేనివాడి పేరు పెద్ద పార్టీల జాబితా దాకా రానే రాదు. అందుకే టిక్కెట్లు కాంట్రాక్టర్లకీ, రియల్ ఎస్టేట్ వాళ్లకీ, కాలేజీల ఓనర్లకీ పోతున్నాయి. ఓటరు చేతికి కవరు వచ్చేసరికే ఎవరిని ఎన్నుకోవాలన్నది చాలావరకు తేలిపోయి ఉంటుంది.

ఫలితాలొచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి ఖర్చుల లెక్క అప్పజెప్పాలి. టీ ఎంత, టిఫిన్ ఎంత, కుర్చీ అద్దె ఎంత అని జిల్లా అధికారులు రేట్ల పట్టిక కూడా ఇస్తారు. టీ కప్పులు రూపాయితో సహా లెక్కలోకి ఎక్కుతాయి, కవర్లు ఎక్కవు. పైగా పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. ఆ ఖర్చునూ అభ్యర్థి ఖాతాలో రాయాలని 1974లో సుప్రీంకోర్టు తీర్పిస్తే, ఇందిరాగాంధీ ప్రభుత్వం నెల తిరక్కుండా ఆర్డినెన్సు తెచ్చి ఆ తీర్పును పక్కన పెట్టింది.

ఇక ఎలక్టోరల్ బాండ్లు, అంటే ఎవరిచ్చారో జనానికి తెలియకుండా పార్టీలకు విరాళమిచ్చే పథకం. 2017లో చట్టాలు మార్చినప్పుడు, కంపెనీలు లాభాల్లో ఏడున్నర శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న నిబంధన కూడా ఎత్తేశారు. సీపీఎం కోర్టుకెక్కింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్నే కొట్టేసింది. మార్చిలో జాబితా బయటికొస్తే, బాండ్లు కొన్నవాళ్లలో రెండో స్థానం మన హైదరాబాద్ కంపెనీ మేఘాది, 966 కోట్లు. బీఆర్ఎస్‌కు అందింది సుమారు 1,200 కోట్లు. సీపీఐ, సీపీఎంలకు సున్నా. ఇక్కడ చప్పట్లు కొట్టొచ్చు, నేనూ కొడతాను. కానీ 2019లో తమిళనాడులో డీఎంకే ఎన్నికల ఖర్చుకని సీపీఐకి 15 కోట్లు, సీపీఎంకి 10 కోట్లు ఇచ్చింది. ఎన్నికల సంఘానికి డీఎంకే ఇచ్చిన లెక్కల్లోనే ఉంది, రహస్యమేమీ కాదు. బస్టాండ్‌లో ఎర్రగుడ్డ పట్టి చందాలడిగే కార్యకర్తకు ఆ వార్త చదివితే ఎలా ఉంటుంది?

అసలు సంగతి మునుగోడు. సీపీఐ ఐదుసార్లు గెలిచిన సీటు: 1985, 1989, 1994, 2004, 2009. 2022 నవంబరు 3న అక్కడ ఉప ఎన్నిక జరిగితే ఈవీఎం మీద కంకి కొడవలి లేదు, సుత్తి కొడవలి నక్షత్రమూ లేదు. రెండు పార్టీలూ టీఆర్ఎస్‌కు, అంటే ఇప్పటి బీఆర్ఎస్‌కు, మద్దతిచ్చాయి. బీజేపీని ఆపాలన్నారు. ఆ వాదన తప్పని నేననను. టీఆర్ఎస్ గెలిచింది, మెజారిటీ పదివేల పైచిలుకు. మా ఓట్లతోనే గెలిచారని మనవాళ్లు చెప్పుకున్నారు, నిజమే కావచ్చు. ఏడాది తిరక్కముందే, 2023 ఆగస్టు 21న, కేసీఆర్ 119 అసెంబ్లీ సీట్లకుగాను 115 మంది పేర్లు ఒకేసారి ప్రకటించారు. అందులో కమ్యూనిస్టులకు ఒక్క సీటూ లేదు. ఆ తర్వాత సీపీఐ కాంగ్రెస్‌తో కలిసి కొత్తగూడెం గెలుచుకుంది. సీపీఎం ఒంటరిగా నిలబడి ఒక్కటీ గెలవలేదు.

మా వైపు ఒక పెద్దాయన నాతో అన్న మాట చెబుతాను. "వాళ్లు రెండు వేలిచ్చి నా ఓటు అడిగిన్రు. మనోళ్లు నన్ను అడగకుంటనే నా ఓటు వాళ్లకిచ్చిన్రు." ఈయన ఊళ్లో ఏ పార్టీవాళ్లు తన మీద కేసులు పెట్టించారో ఆ పార్టీకే వేయమని ఎర్ర కండువాలు కప్పుకున్నవాళ్లే వచ్చి చెప్పారు. ఆయన కోపం డబ్బు తీసుకున్న పక్కింటివాడి మీద కాదు.

"మీవాళ్లు మంచోళ్లే గానీ గెలవరు గదా" అంటుంటారు. ఇల్లందులో ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన ఎర్రజెండా నాయకుడు గుమ్మడి నర్సయ్య బస్సులో వెళ్తున్న ఫొటోను వాట్సాప్‌లో తెగ పంపుకుంటారు. ఓటు మాత్రం కారులో వచ్చినవాడికి.

ఎన్నికల ఖర్చు కొంత ప్రభుత్వమే భరించాలని 1998లో సిఫారసు చేసిన కమిటీకి అధ్యక్షుడు సీపీఐ నాయకుడు ఇంద్రజిత్ గుప్తా. నగదు వద్దు, వస్తువుల రూపంలో ఇవ్వమన్నారు, అదీ గుర్తింపు పొందిన పార్టీలకే. అమలు కాలేదు. 2023 ఏప్రిల్‌లో సీపీఐకి జాతీయ పార్టీ హోదా పోయింది. ఆ సిఫారసు ఈవేళ అమలైనా ఆయన సొంత పార్టీకి ఇక్కడ ఏమైనా దక్కుతుందా అన్నది అనుమానమే.

చట్టాలు మార్చడం మన చేతిలో లేదు, ఒప్పుకుంటాను. సీట్ల సర్దుబాటు మన చేతిలో ఉంది. పోటీ చేయని చోట ఎందుకు చేయట్లేదో, మద్దతుకు బదులుగా అవతలివాళ్లను ఏం అడిగారో, వాళ్లు దేనికి ఒప్పుకున్నారో కాగితం మీద రాసి, నిర్ణయానికి ముందే మండలాల్లో సభ పెట్టి చదివి వినిపిస్తారా? పార్టీ సభ్యులకే కాదు, మాలాంటి ఓటర్లక్కూడా? దీనికి జవాబు చెప్పాల్సినవాళ్లు నా పక్కనే కూర్చున్నారు. మైకు వాళ్లకే ఇస్తున్నాను.