శైలి పేరుకు ముందు రాయి

అధ్యాపకులకు, ప్రాచీన, మధ్యయుగ కళాచరిత్రను పాఠ్యాంశంగా ఎంచుకున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈ సబ్జెక్టులో చేరినవారు మొదట శైలుల పేర్లు కంఠస్థం చేయడానికి పూనుకుంటారు. గాంధార, మథుర, అమరావతి అని వరుసగా అప్పజెబితే మార్కులు వస్తాయి. ఒక శిల్పం ఎదుట నిలబెట్టి, ‘ఇది ఇలాగే ఎందుకుంది?’ అని అడిగితే మాత్రం ఆ పేర్లు అక్కరకు రావు. శైలి పేరు చెప్పబోయే ముందు అది ఏ రాతిలో చెక్కినదో చూడండి.

అమరావతి శిల్పులకు దొరికినది పల్నాటి సున్నపురాయి. సన్నని రేణువులతో ఉలికి లొంగే ఆ రాయి వల్లనే ఒక్క పలకలో అంతమంది మనుషులను, వారి నగలతో, తలపాగాలతో సహా ఇమడ్చగలిగారు. ఆ పలకలను చూసిన కళ్లతో అనకాపల్లి దగ్గరి శంకరం గ్రామానికి వెళ్లినవారు, అక్కడి బొజ్జన్నకొండపై ఉన్న బుద్ధ విగ్రహాలు మొరటుగా ఉన్నాయని తేల్చేస్తారు. నా దృష్టిలో అది తొందరపాటు. మన ఉత్తరాంధ్ర కొండల్లో విరివిగా కనిపించేది ఖొండలైటు అనే రాయి. గాలికీ వానకూ త్వరగా శిథిలమయ్యే ఈ రాతిలో సన్నని నగిషీ ఎక్కువకాలం నిలవదు. కోణార్కలోనూ విస్తారంగా వాడినది ఈ రాయే, అక్కడి శిల్పాలు అరిగిపోవడానికి ఒక కారణమూ ఇదే. శంకరం శిల్పుల దృష్టి పెద్ద ఆకారాలపై నిలిచింది: కొండను తొలిచి 16 స్తంభాల గుహను, దాని నడుమ స్తూపాన్ని, పక్కనున్న లింగాలకొండపై వరుసలుగా ఏకశిలా స్తూపాలను మలిచారు.

కాలనిర్ణయం ఇంతకన్నా చిక్కైనది. 1906–08లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో శంకరంలో సముద్రగుప్తుని బంగారు నాణెం, తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణేలు దొరికాయి. నాణేన్నిబట్టి ఆ చోట మనుషులు మసలిన కాలాన్ని ఊహించవచ్చు గాని, విగ్రహం చెక్కిన కాలాన్ని నిర్ణయించలేము. (ఈ తేడా పట్టని సమాధానపత్రాలు ఏటా వస్తూనే ఉంటాయి.)

సింహాచలంలో ఆ ఇబ్బంది కొంత తక్కువ. కులోత్తుంగ చోళుని కాలం నుంచి 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చినదాకా, ఆ తరువాతా వేసిన శాసనాలు అక్కడ వందల్లో ఉన్నాయి. అయితే గోడపై శాసనమున్నంత మాత్రాన ఆ గోడ ఆ ఏడే కట్టారని అనుకోరాదు. దానశాసనం పాత గోడమీదా వేయవచ్చు. మూలవిరాట్టు ఏడాది పొడవునా చందనంలో ఉండి అక్షయ తృతీయనాడే నిజరూప దర్శనమిస్తుంది గనుక, మీ అధ్యయనం విమానపు (శిఖరంతో కూడిన గర్భగుడి కట్టడపు) వెలుపలి గోడ గూళ్లలోని వరాహ, నరసింహ, త్రివిక్రమ మూర్తులతో మొదలుకావాలి.

శంకరానికి వెళ్లేటప్పుడు కొలతల టేపు, గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి. ఒక విగ్రహాన్ని ఎంచుకుని, ముందు బొమ్మ గీసి, కొలతలు వేసి, రాయి ఎక్కడెక్కడ పెచ్చులూడిందో గుర్తించిన తరువాతే ఫోను బయటికి తీయండి.