చిత్త కింద ముగ్గుపిండి: ఒమేగా సెంటారీ నడుమ ఏమున్నది?

[తెర మీద: పొలం గట్టు, మే నెల నడిమి రోజులు, రాత్రి పది]

వరంగల్ లైట్లు వీపు వెనక ఉండాలె. అందుకే ఖమ్మం రోడ్డు పట్టుకొని వర్ధన్నపేట దాటి వచ్చినం. చూసేది దక్షిణం దిక్కే కదా.

ముందుగాల చిత్త నక్షత్రాన్ని పట్టుకోండ్రి. చెయ్యి చాపి పిడికిలి బిగించి, చిత్త నుంచి నేరుగా మూడున్నర పిడికిళ్లు కిందికి దిగండ్రి. ఆడ బైనాక్యులర్‌ల మసక మచ్చ కనిపిస్తది. అదే ఒమేగా సెంటారీ, గోళాకార తారాగుచ్ఛం, అంటే ఉండలెక్క గుమిగూడిన నక్షత్రాల గుంపు. దాదాపు కోటి నక్షత్రాలు, 17 వేల కాంతి సంవత్సరాల దూరం.

[తెర మీద: ఎనిమిది అంగుళాల టెలిస్కోప్‌ల కనిపించే తీరు]

సాన్పు చల్లిన వాకిట్ల చిటికెడు ముగ్గుపిండి ఒక్కకాడ రాలిందనుకోండ్రి. అంచుల పలుకులు లెక్కపెట్టొచ్చు, నడుమ తెల్ల ముద్ద. అచ్చం గట్లనే ఉంటది.

కానీ ఈ పోలిక ఒక్కకాడ మోసం చేస్తది. పిండి పలుకులు ఆనుకొని ఉంటయి, నక్షత్రాలు ఉండవు. గుచ్ఛం నడిబొడ్డున కూడా రెండు నక్షత్రాల మధ్య సగటున లక్షన్నర కోట్ల కిలోమీటర్లు ఉంటది. అంటే మనకూ సూర్యుడికీ ఉన్న దూరానికి పదివేల రెట్లు!

మరి ముద్దలెక్క ఎందుకు? గాలి. ఇక్కడి నుంచి ఇది ఎంత పైకొచ్చినా 24 డిగ్రీలే. నడినెత్తిన చూసేదానికంటే దాదాపు రెండున్నర రెట్ల గాలి దాటి వెలుగు రావాలె. పగలంతా కాగిన నేల వేడి కక్కుతుంటే ఆ గాలి వణుకుతది, ఒక చుక్క అలుక్కపోయి ఇంకోదాంట్ల కలుస్తది. ఇంకో ఖరీదైన ఐపీస్ (టెలిస్కోప్‌ల కన్ను పెట్టి చూసే అద్దం) కొందామనిపిస్తది. కొనకుండ్రి. ముద్ద పెద్దగైతది గానీ విడిపోదు. గాలి నిలిచిన రాత్రి కోసం ఆగుడే మేలు. చూపును కొంచెం పక్కకు పెట్టి చూడండ్రి, ఇంకిన్ని పలుకులు తేలుతయి.

హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌కు ఈ బాధ లేదు, అది గాలి పైన ఉన్నది. 20 ఏండ్లల అది తీసిన 500కు పైగా ఫోటోలు పోల్చి, నడుమ ఏడు నక్షత్రాలు విపరీతంగ ఉరుకుతున్నయని 2024ల శాస్త్రవేత్తలు చెప్పిండ్రు. ఆ వేగానికి అవి ఎప్పుడో గుచ్ఛం దాటిపోవాలె. పోలేదంటే ఏదో పట్టి ఉంచుతున్నది. సూర్యుడి బరువుకు కనీసం 8,200 రెట్లున్న కృష్ణబిలమని (బ్లాక్ హోల్) వాళ్ల లెక్క. బరువు మీద వాదన ఇంకా నడుస్తనే ఉన్నది.

ఆ ఏడూ మన టెలిస్కోప్‌కు అందవు, ముద్దల ఎక్కడో ఉన్నయి. వానకాలం మబ్బులు కమ్మకముందే, అమావాస్య చూసుకొని రండ్రి. చిత్త పడమటికి వాలిందంటే ఇది చెట్ల వెనక్కి పోతది.