ముందు లీవు లెటర్ రాయండి
(నర్సుల దినోత్సవం సభలో మాట్లాడిన మాటలు)

వేదిక మీదున్న చైర్మన్ గారికి, ప్రిన్సిపాల్ మేడం గారికి, ట్యూటర్లకి, డ్యూటీ మధ్యలో వచ్చి వెనకాల నిలబడ్డ సిస్టర్లకి నమస్కారం. శాలువా వద్దని ఫోన్లోనే చెప్పాను, అయినా కప్పేశారు, మే నెల ఎండల్లో శాలువా. సరే, థాంక్స్.

నన్ను మన నర్సింగ్‌కి దారి చూపిన ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం మీద మాట్లాడమన్నారు. అది మీకు ఫస్టియర్‌లోనే చెప్పేసి ఉంటారు, 1820 మే 12న పుట్టడం, క్రిమియా యుద్ధం, దీపం, అన్నీ. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, కాబట్టి మెటర్నిటీ లీవు గొడవ ఆవిడకి లేదు. మనకుంది. అందుకని టాపిక్ మార్చేస్తున్నా, మేడం ఏమీ అనుకోకండి.

నేను పనిచేసింది ఎక్కువగా కాన్పులు చేసే లేబర్ రూమ్‌లోనే. విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి, పేరు చెప్పను. 2009లో మా అమ్మాయి పుట్టింది. అప్పట్లో చట్టంలో 12 వారాలు లీవు ఉండేది, అలాంటి చట్టం ఒకటుందని మాకు చెప్పిన నాథుడు లేడు. ఏడో నెల వచ్చేదాకా నైట్లు వేశారు, తర్వాత ఆఫీసులోకి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ, "రిజైన్ రాసిచ్చెయ్యమ్మా, కాన్పయ్యాక మళ్ళీ వద్దువుగాని, నీ ప్లేసు ఎక్కడికి పోతుంది" అన్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ వాళ్ళ బీరువాలో ఉన్నాయి. రాసిచ్చాను.

ప్లేసు నిజంగానే ఎక్కడికీ పోలేదు. బిడ్డకి రెండు నెలలు నిండకముందే స్టాఫ్ లేరని ఫోన్ల మీద ఫోన్లు, సరే కదా అని వెళ్తే చేతిలో కొత్త అపాయింట్‌మెంట్ ఆర్డర్ పెట్టారు, అందులో ఫ్రెషర్ జీతం. అన్నేళ్ళ సర్వీసు గోదాట్లో కలిసింది. నేను చెయ్యి పట్టుకుని క్యాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) వెయ్యడం నేర్పిన అమ్మాయి నాకు ఇన్‌ఛార్జి అయి కూర్చుంది. ఆ పిల్లనేమీ అనను, మంచి పిల్ల, తనకింకా పెళ్ళి కాలేదు, నాకయింది, మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే. (నవ్వకండి, తర్వాత తనకీ ఇదే జరిగింది.)

అసలు చెప్పాల్సింది అది కాదు. ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు కదా, మా ఆస్పత్రిలోనూ ఘనంగా చేశారు, ఓపీ హాల్లో బ్యానరు, బెలూన్లు. మాట్లాడటానికి లేబర్ రూమ్ సిస్టర్ కావాలి, అదీ బాలింత అయితే ఇంకా బావుంటుందని నన్నే పిలిచారు. మైకు పట్టుకుని చెప్తున్నా, పుట్టిన గంటలోపే పాలు పట్టాలమ్మా, ఆరు నెలలు మంచినీళ్ళు కూడా వద్దమ్మా, డబ్బా పాలు అసలే వద్దమ్మా అని. ముందు వరసలో ఎవరి బిడ్డో ఏడ్చింది. పిల్లల్ని కన్నవాళ్ళకి తెలుసు, ఏ బిడ్డ ఏడ్చినా పాలు చేపుకొచ్చేస్తాయి, నీ బిడ్డా పక్కింటి బిడ్డా అని చూడవు. లోపల గాజుగుడ్డ మడతలు పెట్టుకున్నా ఆగలేదు, తెల్ల కోటు ముందంతా తడిసిపోయింది. ఒక కేస్ షీట్ ఫైలు అడ్డం పెట్టుకుని మిగతాది పూర్తిచేశా. చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. ఆ టైముకి ఇంట్లో మా అమ్మ నా కూతురికి డబ్బా పాలే కలుపుతోంది. ఫంక్షన్ అవగానే స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని సింకులో పాలు పిండి పారబోశాను, రోజూ చేసేదే అది, లేకపోతే గడ్డలు కట్టి జ్వరం వచ్చేస్తుంది.

అందుకే ఇప్పుడున్న మెటర్నిటీ లీవు గురించి ఎవరైనా "26 వారాలా, అన్ని రోజులు ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు" అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. 26 వారాలంటే ఎంతండీ, ఆరు నెలలు! ఆరు నెలలు తల్లిపాలే పట్టాలని గోడల మీద రాయించేది మీరే కదా?

ఇప్పుడు చట్టం సంగతి, ఇది మాత్రం రాసుకోండి, ఆ వెనక బెంచీ వాళ్ళు కూడా. 1961 మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని 2017లో మార్చి 12 వారాలని 26 చేశారు. 2025 నవంబర్లో అది కొత్త కార్మిక చట్టాల్లో ఒకటైన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లోకి పోయింది, 26 మాత్రం అలాగే ఉంది. కాన్పుకి ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. ఇద్దరు పిల్లలున్నాక అయితే 12 వారాలే, ఆ రూలు నాకు నచ్చదు, మూడో కాన్పు అయితే ఒళ్ళు త్వరగా కోలుకుంటుందా ఏంటి. కాన్పుకి ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. గర్భం పోతే 6 వారాలు లీవు ఉంది, ఇది చాలామందికి తెలీదు, మర్నాడే డ్యూటీకి వచ్చిన సిస్టర్లని నేను చూశా. లీవులో ఉండగా ఉద్యోగం తియ్యడం కుదరదు. వాళ్ళకీ అది తెలుసు, అందుకే తియ్యరు, మనచేతే రాయిస్తారు. రిజైన్ అని రాశామా, మనంతట మనమే వెళ్ళిపోయినట్టు. మెటర్నిటీ లీవు సర్వీసులో లెక్కకొస్తుంది, రిజైన్ చేస్తే గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే డబ్బుకి, కావాల్సిన ఐదేళ్ళూ మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇంకోటి, నాకు బాగా మండేది. ఈ లీవు ఆస్పత్రికి భారం అంటారు. జీతం 21,000 లోపుంటే మనం ఉద్యోగుల ప్రభుత్వ బీమా, అదే ఈఎస్‌ఐ కిందకి వస్తాం, ప్రైవేటులో స్టాఫ్ నర్సులు చాలామంది ఆ లోపే ఉన్నారు. నెలనెలా మన జీతంలో 0.75 శాతం కోస్తున్నారు, యాజమాన్యం 3.25 శాతం కడుతోంది. కాన్పు సెలవులో డబ్బులిచ్చేది ఈఎస్‌ఐ, ఆస్పత్రి కాదు! మరి ఎవరి డబ్బు పోతుందని ఏడుపు? మన ప్లేసులో ఆరు నెలలు ఇంకొకర్ని పెట్టుకోవాలి, అంతే. 21,000 దాటిన వాళ్ళకి మాత్రం మొత్తం యజమానే ఇవ్వాలి, పది పదిహేనుమంది ఉండే చిన్న నర్సింగ్ హోమ్‌కి అది బరువే, కాదనను. అందులో ప్రభుత్వం వాటా తీసుకోవాలి. అలా తీసుకోకపోబట్టే ఇంటర్వ్యూలో "పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు" అని అడుగుతున్నారు, మగ నర్సుని అడగరు. అతనికి కూడా నెల రోజులు లీవు తప్పనిసరి చేసి చూడండి, ఆ ప్రశ్న దానంతటదే పోతుంది. కేంద్ర ప్రభుత్వంలో తండ్రులకి 15 రోజులుంది, ప్రైవేటులో తండ్రికి చట్టం ఇచ్చింది ఏమీ లేదు.

టైమైపోయిందని చీటీ పంపారు. రెండు నిమిషాలు.

మన ఆయమ్మల్ని మర్చిపోకండి. ఏజెన్సీ వాళ్ళు, కాంట్రాక్టు, వాళ్ళకెక్కడ వర్తిస్తుంది అంటారు. ఢిల్లీ కార్పొరేషన్‌లో రోజుకూలీ ఆడవాళ్ళ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది, మస్టర్ రోల్ మీద, అంటే రోజుకూలీ హాజరు పట్టీ మీద, పనిచేసే వాళ్ళకీ ఈ లీవు ఇవ్వాల్సిందే అని. ఎండలో రాళ్ళు మోసేవాళ్ళకే ఉంటే మన వార్డులో బెడ్‌పాన్లు కడిగే మనిషికి ఎందుకుండదు?

పిల్లలూ, మీరు చెయ్యాల్సింది ఏంటంటే, తెల్ల కాగితం ఇస్తే దాని మీద లీవు అప్లికేషనే రాయండి. రెండు కాపీలు, డాక్టరు ఇచ్చిన కాన్పు డేటుతో, రెండో దాని మీద ఆఫీసు సీలు వేయించుకోండి. వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపించి రసీదు దాచుకోండి. అప్పటికీ కాదంటే కార్మిక శాఖ వాళ్ళ లేబర్ ఆఫీసుంది. ఒక్కదానివే వెళ్ళకు, ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని వెళ్ళు.

ఆఖరిగా చైర్మన్ గారూ, మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. 50 మంది, ఆపైన స్టాఫ్ ఉన్నచోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, పెట్టాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు, ఇదీ చట్టంలోదే. మీ ఆస్పత్రిలో నర్సులే అంతకంటే ఎక్కువమంది. పొద్దున వస్తూ చూశా, గ్రౌండ్ ఫ్లోర్లో ఫార్మసీ పక్కన గదికి తాళం ఉంది, కిటికీలోంచి చూస్తే విరిగిన కుర్చీలు, పాత ఫ్లెక్సీలు. గాలి వస్తుంది, పక్కనే బాత్రూమ్ ఉంది. అది ఎప్పుడు ఖాళీ చేయిస్తారు సార్? ఇదిగోండి మైకు, నెలా తేదీ చెప్పండి, వెనకాల ఉన్న సిస్టర్లు కూడా వింటారు.