మరో డిగ్రీ చేతిలో ఉండగా నర్సింగులోకి
(పర్లాకిమిడిలో డిగ్రీ విద్యార్థుల సభలో ఒక నర్సింగ్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నిర్వాహకులు మీ దగ్గర తీసుకున్న చీటీలన్నీ చదివాను. చేతిరాతలు వేరైనా చాలావాటిలో ఉన్న ప్రశ్న ఒక్కటే. బీకాం, బీఏ, గణితంలో బీఎస్సీ వంటి చదువులు పూర్తిచేసినవారు నేరుగా నర్సింగులో పీజీ చేసి నర్సు కావచ్చునా? అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో కావచ్చు. మన దేశంలో వీలు లేదు, అది ఒడిశా అయినా, వంతెన దాటితే వచ్చే ఆంధ్ర అయినా. ఈ రెండు జవాబులనూ కలగాపులగం చేసి సీట్లు అమ్ముకునేవారు ఉన్నారు కాబట్టి, వాటిని విడివిడిగా చెప్పడమే ఈరోజు నా పని.

అమెరికాలో ఈ దారిని డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్ అంటారు. యేల్ విశ్వవిద్యాలయంలో 1923లో ఏర్పడిన నర్సింగ్ కళాశాల 1934 నాటికే తన విద్యార్థులకు డిగ్రీ ఉండాలని నియమం పెట్టింది. 1974లో, నర్సింగు చదవని పట్టభద్రులకోసమే మూడేళ్ళ మాస్టర్స్ కోర్సు ప్రారంభించింది. తరువాత అనేక విశ్వవిద్యాలయాలు అదే బాట పట్టాయి. మీ డిగ్రీ ఏదైనా అభ్యంతరం లేదు గాని, చేరడానికి ముందే శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం వంటివి కళాశాల స్థాయిలో, కొన్నింటిని ప్రయోగశాలతో సహా చదివి, మంచి మార్కులు తెచ్చుకొని ఉండాలి. చేరిన తరువాత మొదటి ఏడాది, ఏడాదిన్నర కాలం నడిచేది ప్రాథమిక నర్సింగే. రోగిని పక్క మార్చడం, పుండుకు కట్టు కట్టడం, మందు మోతాదు లెక్క, రాత్రి డ్యూటీ, ఇవేవీ తప్పవు. ఆ దశ దాటినవారు ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ అనే లైసెన్సు పరీక్ష రాస్తారు. ఐదు గంటల వ్యవధిలో కంప్యూటరు మీద జరిగే ఈ పరీక్షలో, అభ్యర్థి ఇచ్చే జవాబులను బట్టి తరువాతి ప్రశ్న కఠినంగానో సులభంగానో మారుతూ, 85 నుంచి 150 ప్రశ్నల మధ్య ఎక్కడైనా ముగుస్తుంది. నర్సుగా లైసెన్సు వచ్చేది ఇందులో ఉత్తీర్ణులైతేనే. పిల్లల వైద్యం, మానసిక ఆరోగ్యం వంటి ప్రత్యేక శాఖలు దాని మీద కట్టుకునేవి.

అందువల్ల పేరులో మాస్టర్స్ ఉంది కదా అని, కిందివారికి పనులు పురమాయించే కుర్చీలో నేరుగా కూర్చోవచ్చునని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆ కోర్సు తగ్గించేది తరగతి గదిలో గడిపే ఏళ్ళనే. వార్డులో నేర్చుకోవలసిన పనిని తగ్గించదు. బ్రిటన్ నియమాలు ఈ మాటను అంకెలలోనే చెబుతాయి. అక్కడ నర్సు కావడానికి 4,600 గంటల శిక్షణ కావాలి, అందులో సగం ఆసుపత్రులలో, సగం పాఠాలలో. ముందు చదివిన చదువుకు, చేసిన సేవకు గుర్తింపుగా సగం వరకు మినహాయించవచ్చు కాబట్టి, మూడేళ్ళ చదువు పట్టభద్రులకు రెండేళ్ళ ఎంఎస్సీగా కుదించబడుతుంది. ఆస్ట్రేలియాలోనూ పట్టభద్రులకు రెండేళ్ళ మాస్టర్స్ ఉంది. కనీసం 800 గంటలు రోగుల మధ్య పనిచేయనిదే పట్టా ఇవ్వరు.

మన విద్యార్థులకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. అమెరికాలో డిగ్రీ నాలుగేళ్ళది కనుక, మన మూడేళ్ళ డిగ్రీని దానికి సమానంగా ఒప్పుకోని విశ్వవిద్యాలయాలు కొన్ని ఉన్నాయి. అప్పు కోసం తండ్రి పొలం కాగితాలు బ్యాంకులో పెట్టకముందే, మీ డిగ్రీ చెల్లుతుందో లేదో ఆ విశ్వవిద్యాలయాన్నే అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఏజెంటు నోటిమాట చాలదు.

ఇక మన దేశం సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఎంఎస్సీ నర్సింగులో చేరాలంటే బీఎస్సీ నర్సింగ్ గాని పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ (డిప్లొమా నర్సులు తరువాత చేసే డిగ్రీ) గాని 55 శాతం మార్కులతో పూర్తిచేసి, రిజిస్టరైన నర్సుగా ఏడాది అనుభవం కలిగి ఉండాలి. బీఎస్సీ నర్సింగుకు ఇంటర్లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఉండాలి కాబట్టి, కామర్సు, ఆర్ట్సు, గణితం గ్రూపుల వారికి ఆ తలుపు కూడా మూసే ఉంది. తెరిచి ఉన్నది జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ అనే డిప్లొమా. ఇంటర్లో సైన్సు ఉంటే మంచిదంటారు గాని తప్పనిసరి కాదు. 40 శాతం మార్కులు, ఇంగ్లీషు, 17 నుంచి 35 ఏళ్ళ లోపు వయసు ఉండాలి. మూడేళ్ళ జీఎన్ఎం, రెండేళ్ళ పోస్ట్ బేసిక్, ఏడాది అనుభవం, రెండేళ్ళ ఎంఎస్సీ, అన్నీ కలిపితే ఎనిమిదేళ్ళు. ఇది న్యాయమైన ఏర్పాటని నేను అనను. ఇరవై రెండేళ్ళ పట్టభద్రురాలిని పదిహేడేళ్ళ పిల్లల పక్కన కూర్చోబెట్టి, ఆమె చదివిన డిగ్రీకి ఒక్క రోజైనా తగ్గింపు ఇవ్వకపోవడం వృథా అనే నా అభిప్రాయం. అయితే నియమం మారేవరకు దారి అదే. ఏ డిగ్రీకైనా ఇక్కడే నేరుగా నర్సింగు పీజీ ఇప్పిస్తామనే కరపత్రం ఎవరు పంచినా నమ్మకండి.

అలాగైతే చేతిలో ఉన్న డిగ్రీ దేనికి పనికివస్తుందని అడుగుతారు. పని దగ్గరే చూద్దాం. అర లీటరు సెలైను నాలుగు గంటల్లో ఎక్కించాలని డాక్టరు రాశారనుకోండి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే గొట్టం అమర్చితే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. గణితం చదివినవారికి ఇది నోటిలెక్క. రోగి మోచెయ్యి ముడిస్తే చుక్క ఆగిపోతుందని, త్వరగా ఇంటికి పోదామని తొందరపడే బంధువు నర్సు అటు తిరగగానే చుక్కల వేగం మార్చే చక్రం తిప్పేస్తాడని మాత్రం వార్డులోనే తెలుస్తుంది.

సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల మూత్రపిండాల జబ్బు మీకు తెలియనిది కాదు. ఉద్దానం అని పిలిచే ఆ ప్రాంతంలో దానికి మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. డయాలసిస్ గదిలో నర్సు రోగి బరువు తూచి, ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన బరువుతో పోల్చి, ఎంత నీరు తీయాలో చూసుకుంటుంది. చేతి మీది ఫిస్టులాపై, అంటే డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోట, వేళ్ళు ఆనించి, లోపల రక్తం ఝుమ్మని కదులుతున్నదీ లేనిదీ గమనిస్తుంది. డయాలసిస్ సాగే నాలుగు గంటల్లో ‘కాళ్ళు పట్టేస్తున్నాయమ్మా’ అని రోగి అన్నాడంటే, నీరు మరీ వేగంగా తీస్తున్నామేమోనని వెంటనే రక్తపోటు చూస్తుంది. పొటాషియం ఎక్కువ గనుక కొబ్బరినీళ్ళు తాగవద్దని, కొబ్బరితోటల నడుమ పుట్టి పెరిగిన మనిషిని ఒప్పించవలసిందీ ఆమే. గృహవిజ్ఞానమో, మనస్తత్వశాస్త్రమో, గ్రామీణాభివృద్ధో చదివిన మనిషి ఆ మాట చెప్పే తీరు వేరుగా ఉంటుంది.

భాష సంగతి ఈ ఊళ్ళో చెప్పకపోతే తప్పు. ఒకే వార్డులో ఒడియా, తెలుగు, సవర వినిపించే చోటు ఇది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే చరిత్ర పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. వ్యావహారికం కోసం జీవితమంతా పోరాడిన ఆయన ఊళ్ళో నేను ఇంత పొడుగు వాక్యాలు మాట్లాడుతున్నందుకు మన్నించండి. కొండ మీద నుంచి దించుకొచ్చిన బాలింతకు నొప్పి ఎక్కడో, ఎప్పటినుంచో ఆమె భాషలో అడగగల నర్సు ఉంటే, మరిదిని దుబాసీగా నిలబెట్టి సిగ్గుపడే ప్రశ్నలు అడిగించవలసిన అవసరం ఉండదు. ఏ పాఠ్యప్రణాళికలోనూ ఈ నేర్పుకు మార్కులు లేవు.

అబ్బాయిలు వెనుక వరుసల్లో మొహమాటపడుతున్నారు. వార్డులో మిమ్మల్ని బ్రదర్ అని పిలుస్తారు, అంతకుమించి తేడా లేదు. అయితే కొన్ని కళాశాలలు జీఎన్ఎంలో అమ్మాయిలనే చేర్చుకుంటాయి కనుక దరఖాస్తుకు ముందే కనుక్కోండి.

చేరదలచుకున్నవారు డిగ్రీ పట్టాకంటే ముందు ఇంటర్ మార్కుల మెమో వెతికి పెట్టుకోండి, జీఎన్ఎంలో చూసేది దానినే. కళాశాలకు కౌన్సిలు గుర్తింపు ఈ సంవత్సరానికి ఉన్నదీ లేనిదీ కౌన్సిలు జాబితాలోనే చూసుకోండి. గోడ మీద వేలాడే పాత ధ్రువపత్రం లెక్కలోకి రాదు. విదేశంలో చదివి వచ్చినా ఇక్కడ పనిచేయడానికి రిజిస్ట్రేషన్ తప్పదు. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ళవారు ఉంటే ముందు వారు లేవండి, వారికి వ్యవధి తక్కువ.