రెండో సిలిండర్ కూడా పలకాలంటే

శ్రోతలకు నమస్కారం.

కొండ మీద సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే రోజులివి. తిరుపతిలో ధనుర్మాసం చలి మరీ వణికించేది కాదు. కానీ నా పాత రాజ్‌దూత్ 350కి ఆ మాత్రం చాలు, తెల్లవారుజామున ఒక పట్టాన స్టార్ట్ కాదు.

యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి మన దేశంలో ఆ పేరుతో తయారుచేసింది. 347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు. ఒక్కో సిలిండర్‌కీ పెట్రోల్, గాలి కలిపే కార్బొరేటర్, నిప్పురవ్వనిచ్చే ప్లగ్గు, ఆ రవ్వ ఎప్పుడు రావాలో చెప్పే స్విచ్చులాంటి పాయింట్లు, కరెంటు వోల్టేజీ పెంచే కాయిల్ అన్నీ వేరు. అందుకే ఒకటి అందుకున్నా రెండోది పలకకపోవచ్చు.

మొన్న నాకు అదే జరిగింది. ఒక మెకానిక్ చూసి ఇంజన్ విప్పాల్సిందే అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఎలాగో స్టార్ట్ చేసి, రెండు సైలెన్సర్ల మొదట్లో నాలుగేసి నీటి చుక్కలు చిలకరించాను. ఎడమవైపువి చుయ్యిమని ఆవిరైపోయాయి. కుడివైపువి అలాగే జారిపోయాయి. కుడి ప్లగ్గు విప్పితే తడిసి ముద్దగా ఉంది. పెట్రోల్ వస్తోంది, కరెంటే సరిగ్గా రావడం లేదన్నమాట. అదే పొడిగా ఉంటే కార్బొరేటర్ జెట్టు, అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, చూసేవాణ్ని. కుడివైపు పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, తుడిచి, సందు 0.35 మిల్లీమీటర్లకు పెట్టాను. సందు మారితే టైమింగ్, అంటే నిప్పురవ్వ వచ్చే సమయం, కూడా మారుతుంది, అదీ సరిచూశాను. తర్వాత ప్లగ్గును ఇంజన్‌కి ఆనించి కిక్కు కొడితే నిప్పురవ్వ నీలంగా, టక్కుమని వచ్చింది. ఇంజన్ విప్పే పనే పడలేదు.

చోక్ విషయంలో చాలామంది పొరపాటు పడతారు. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, కాబట్టి కాస్త ఎక్కువ కావాలి. ఈ బండిలో చోక్ గాలిని మూసే రేకు కాదు, అదనపు పెట్రోల్‌కి ఒక చిన్న దారి. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉంటేనే ఆ దారిలోంచి పెట్రోల్ లాగుతుంది. దయచేసి చోక్ వేసి రేజ్ చేస్తూ కిక్కు కొట్టకండి.

అన్నీ బాగున్నా స్టార్ట్ కాకపోతే క్రాంక్ ఆయిల్ సీళ్లను, అంటే ఇంజన్‌లో తిరిగే క్రాంక్ ఇరుసు చుట్టూ లీకు కాకుండా ఉండే రబ్బరు రింగులను, అనుమానించాలి. టూ స్ట్రోక్‌లో పెట్రోల్, గాలి ముందు పిస్టన్ కిందికి వెళ్లి అక్కడి నుంచి పైకి ఎక్కుతాయి. వాషర్ చిరిగిన సైకిల్ పంపు ఎంత కొట్టినా గాలి ఎక్కనట్టే, సీలు గట్టిపడి లీకైతే ఈ ఇంజన్ కూడా అంతే. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి వెళ్లి తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. అప్పుడు మాత్రం ఇంజన్ విప్పక తప్పదు.

ఊరెళ్తూ బండిని నెలల తరబడి వదిలేసేవాళ్లు పెట్రోల్ ట్యాప్ కట్టేసి, రెండు కార్బొరేటర్ల గిన్నెలూ ఖాళీ చేసి వెళ్లండి. నిల్వ పెట్రోల్ జిగురుగా మారితే ముందు మూసుకుపోయేది యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చే సన్నటి పైలట్ జెట్టే. చలిలో స్టార్ట్ కావడానికి ఆ జెట్టు శుభ్రంగా ఉండాలి.

సెలవు, నమస్కారం.