గిన్నెలు మోగిన రాత్రి

శ్రోతలకు నమస్కారం.

పొద్దున్నే కోలారు బంగారు గనుల పక్కనున్న మారికుప్పంలో బయలుదేరే రైలు బెంగళూరు చేరేసరికి పెట్టెల్లో కాలు పెట్టే చోటుండదు. ఛాంపియన్, ఉరిగాం, కోరమండల్ లాంటి చిన్న చిన్న స్టేషన్లలో ఎక్కినవాళ్లే బోలెడంత మంది. షాపులకు, ఆఫీసులకు, కట్టడాల పనికి రోజూ దాదాపు వంద కిలోమీటర్లు వచ్చి, రాత్రికి మళ్లీ అంత దూరం వెనక్కి పోతారు. ఆ దారిన నడిచే బండికి స్వర్ణ అని పేరు. ఆ పేరు ఎందుకొచ్చిందో నన్ను చిన్నప్పుడు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, మా తాత కోలారు బంగారు గనిలో పనిచేసినవాడు.

ఈ గనుల చరిత్రను చాలామంది 1802లో మొదలుపెడతారు. మైసూరు రాజ్యం సరిహద్దులు కొలవడానికి వచ్చిన జాన్ వారెన్ అనే దొర ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందని విన్నాడు. చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానన్నాడు. ఊళ్లవాళ్లు బండ్లకొద్దీ మట్టి తోలుకొచ్చి, ఆయన కళ్లముందే కడిగి, బంగారు రేణువులు తీసి చూపించారు. ఆయన కనిపెట్టాడని రాస్తారు గానీ, ఆ మట్టి కడిగిన చేతులకు అప్పటికే ఆ పని తెలుసు. పాతకాలపు గుంతలు కూడా అక్కడ ఉండనే ఉన్నాయి. కాబట్టి ఈ కథలో మొదటి పేరు ఆ ఊళ్లవాళ్లదే కావాలని నా మాట.

ఆ తర్వాత డెబ్బై ఏళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. బెంగళూరు కంటోన్మెంటులో స్థిరపడిన లవెల్ అనే ఐరిష్ సైనికుడు వారెన్ రాసినది చదివి, 1875లో ఇరవై ఏళ్ల గడువుతో తవ్వకాల లీజు సంపాదించాడు. డబ్బు చాలక హక్కులు వదులుకున్నాడు. మనం రోజూ తిరిగే లవెల్ రోడ్డు ఆయన పేరు మీదే ఉంది. 1880లో జాన్ టేలర్ అనే ఇంగ్లీషు గనుల కంపెనీ వచ్చాక అసలు పని ఊపందుకుంది. 1902లో కావేరి మీది శివసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన లైన్లలో అదొకటి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది 1905లో! ముందు వెలుగు చూసింది గని, మూడేళ్ల తర్వాత మన నగరం.

గనికి కూలీలు ఎక్కడినుంచి వచ్చారు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు జిల్లానుంచే. చిత్తూరు అప్పట్లో ఆ జిల్లాలోదే, 1911లోగానీ వేరు జిల్లా కాలేదు. అరవం మాట్లాడేవాళ్లే ఎక్కువైనా, కుప్పం, పలమనేరు వైపునుంచి మనవాళ్లూ వచ్చారు. ఆ బంగారు రాయి పొర గీత గీసినట్టు కోలారు దగ్గరే ఆగిపోలేదు. కుప్పం పక్కన చిగురుగుంటలోనూ గని నడిచింది. 1930లో వేలిముద్రలు వేయించి పేర్లు నమోదు చేస్తామంటే, మేమేమన్నా దొంగలమా అని వేలాదిమంది కూలీలు పని ఆపేశారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మా తాత గొంతు మారిపోయేది, అప్పటికి ఆయన పుట్టకపోయినా.

తాత పనిచేసింది ఛాంపియన్ రీఫ్ అనే గనిలో. మూడు కిలోమీటర్లు దాటిన లోతు. కింద రాయి మీద చేయి పెడితే కాలేంత వేడి, అందుకే పైనుంచి చల్లటి గాలి పంపేవాళ్లు. దిగేముందు నంబరు బిళ్ల తీసుకోవాలి, పైకొచ్చాక తిరిగి ఇవ్వాలి. బిళ్ల తిరిగి రాలేదంటే మనిషింకా కిందే ఉన్నట్టు.

ఆ లోతులో పైనున్న రాతి బరువంతా సొరంగం గోడల మీదే పడుతుంది. రాయి తీసేసిన చోట గోడ ఆ ఒత్తిడి ఓర్చుకోలేక ఉన్నట్టుండి పేలిపోతుంది. మందు పెట్టక్కర్లేదు, నిప్పు తగలక్కర్లేదు. ఇంజనీర్లు దాన్ని రాక్ బరస్ట్ అంటారు. మా అవ్వకు మాత్రం అది గిన్నెల చప్పుడు. అర్ధరాత్రి నేల అదిరి అటక మీద ఇత్తడి గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. కూలీల లైన్ ఇళ్లలో దీపాలు ఒక్కొక్కటే వెలిగేవి. ఆడవాళ్లు చంటిబిడ్డల్ని చంకనేసుకుని గనిలోకి దిగే బావి, అదే షాఫ్ట్, దగ్గరికి పరుగెత్తేవాళ్లు. మనుషుల్ని ఎక్కించి దించే కేజ్ పైకొచ్చిన ప్రతిసారీ దిగే మొహాల్లో తమవాళ్లను వెతుక్కునేవాళ్లు. ఒక్క మాటా మాట్లాడేవాళ్లు కాదట.

అదే గని లోతుల్లో 1965లో మన శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లాండు వాళ్లతో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల జాడ పట్టారు. పైనున్న అంత రాయీ మిగతా కణాల్ని అడ్డుకోబట్టే అది సాధ్యమైంది. మనుషుల్ని చంపిన ఆ బరువే సైన్సుకు గొడుగు పట్టింది.

నూట ఇరవై ఏళ్లలో అక్కడ దాదాపు 800 టన్నుల బంగారం తీశారు. రానురాను రాయిలో బంగారం తగ్గింది, లోతు పెరిగింది, ఖర్చు పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. మిగిలింది సైనైడ్ దిబ్బలు. రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారం లాగేశాక పారబోసిన పొడి అది, కొండలంత ఎత్తు. గాలికాలంలో ఆ దుమ్ము వచ్చి అన్నం కంచంలో పడేది. అవ్వ కంచం మీద ఇంకో కంచం మూతపెట్టి, పక్కనుంచి చేయి దూర్చి ముద్ద కలిపి పెట్టేది. బంగారం ఎటు పోయిందో గానీ, దుమ్ము మాత్రం అక్కడివాళ్లకే మిగిలింది. ఆ దిబ్బల పక్కన ఇప్పటికీ పిల్లలు పెరుగుతున్నారు. మీరూ ఓసారి వెళ్లి చూడండి, వంద కిలోమీటర్లేగా.

అవ్వ ఇప్పుడు బెంగళూరులో నా దగ్గరే ఉంటోంది. మొన్న మా వీధి చివర అపార్ట్‌మెంటు పునాదికి బండ పేల్చారు. వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. అవ్వ మంచం దిగి, గోడ పట్టుకుని వాకిటిదాకా వచ్చి నిలబడింది.

"ఇంకా ఎవురన్నా రావాల్సినోళ్లు ఉండారా?" అని అడిగింది.

అందరం ఇంట్లోనే ఉన్నామవ్వా అన్నాను. పేరుపేరునా పిలిచి లెక్కపెట్టుకున్నాకే లోపలికి వచ్చింది.